ఆకులమ్మాయి మీద అందరి అభిప్రాయాలు

పోయిన నెల పటమటలో, పుస్తకాలు చదివి వాటి గురించి మాట్లాడుకునే అమ్మాయిలు కొందరు నన్ను తమ సమావేశానికి పిలిచారు. సీనియర్ రచయిత్రి అన్నారు. ఆ మాటకి అర్థం పుస్తకాలు అమ్ముడుపోని మనిషి అని నాకు తెలుసు. అయినా చీర ఇస్త్రీ చేయించుకుని వెళ్ళాను. ఆ నెల వాళ్ళు చదివింది విక్టోరియా రాణి కాలంలో నడిచే ఒక ఇంగ్లీషు ప్రేమ నవల. రాసినావిడ ఇప్పటి మనిషే, కథే అప్పటిది. గుర్రబ్బళ్ళు, గ్యాసు దీపాలు, నేల ఊడ్చే గౌన్లు, మేడ నిండా నౌకర్లున్న ఒక ప్రభువు, డబ్బు లేకపోయినా పట్టుదలకి లోటులేని ఒక అమ్మాయి. నేను ఆ పుస్తకాన్ని గబగబా తిరగేసి, వలస పాలన గురించి, నీలిమందు తోటల గురించి, ఆ ప్రభువుల మేడలు ఎవరి చెమటతో లేచాయన్న దాని గురించి ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాను. నా ఉపన్యాసాలు ఎప్పుడూ బాగానే ఉంటాయి, వినేవాళ్ళే దొరకరు.

వాళ్ళలో ఒకమ్మాయి పళ్ళ డాక్టరు, ఒకమ్మాయి కోచింగ్ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది, మిగిలినవాళ్ళు బ్యాంకుల్లోనూ ఆఫీసుల్లోనూ పనిచేస్తారు. ముందుగా ఫోన్లు తీసి, ఆ నవల మీద ఎక్కడెక్కడి పాఠకులో రాసిన అభిప్రాయాలు చదివి నవ్వుకున్నారు. ఒకావిడ చుక్కలన్నీ ఇచ్చేసి, రైల్లో ఏడ్చి పరువు తీసుకున్నానని రాసింది. ఇంకొకావిడ ఒక్క చుక్క ఇచ్చి, అన్ని గుండీలూ అన్ని తాళ్ళూ ఉన్న గౌను ఒక్క వాక్యంలో ఎలా ఊడిందో చెప్పమని నిలదీసింది. ఆ తర్వాత సొంత అభిప్రాయాల దగ్గరికి వచ్చారు. హీరోయిన్ తన మనసులో ఉన్నదంతా ఆ ప్రభువు మొహం మీదే చెప్పేస్తుంది, ఆ రోజుల్లో ఏ ఆడపిల్ల అలా మాట్లాడుతుందండీ, నమ్మేలా లేదు అని పళ్ళ డాక్టరు. నోరున్న పిల్ల ఏ రోజుల్లోనైనా మాట్లాడుతుంది అని ఫిజిక్సు అమ్మాయి. ఇద్దరూ నా వైపు తిరిగి మీరేమంటారు మేడమ్ అన్నారు. నేను నీలిమందుతో మొదలుపెట్టాను. వాళ్ళు ఓపిగ్గా విని, చప్పట్లు కొట్టి, సమోసాలు పెట్టి, శాలువాకి బదులు ఒక మొక్క కుండీ చేతికిచ్చి పంపించారు. ఆటోలో ఆ కుండీ ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే, ఇద్దరి మధ్యా వచ్చిన తగాదా నీలిమందులో మునిగిపోయిందని అప్పుడు తట్టింది. నిజానికి ఆ తగాదా గురించి చెప్పడానికి నా దగ్గర బోలెడుంది. కాకపోతే మా అమ్మమ్మగారి గేదె దగ్గర మొదలుపెట్టాల్సి వచ్చేది.

నేను డిగ్రీ చదవడానికి మా ఊరి నుంచి వచ్చి అమ్మమ్మగారింట్లో ఉండేదాన్ని. అదీ పటమటలోనే. అప్పటి పటమటలో ఇళ్ళ మధ్య ఇంకా పొలాలుండేవి. బందరు రోడ్డు మీద బస్సు దిగి నడిస్తే పేడ వాసనా, తడి గడ్డి వాసనా ఎదురొచ్చేవి. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ ముఖ్యమైన విషయం నేరుగా చెప్పేవాళ్ళు కారు. కాఫీలో పంచదార తక్కువైందని చెప్పొచ్చు, వాన వచ్చేలా ఉందని చెప్పొచ్చు. మనసులో ఉన్నది చెప్పాలంటే మాత్రం ఇంకొకళ్ళకి చెప్పి, అసలు మనిషికి వినపడేలా చూసుకోవాలి. తాతయ్య మీద ఉన్న ఫిర్యాదులన్నీ అమ్మమ్మ గేదెకి చెప్పుకునేది. పాలు పిండుతూ, మన బతుకులింతేనే, మనకీ ఒకసారి పుట్టింటికి వెళ్ళి రావాలనుంటుందని ఎవరికి తోస్తుంది అని దాని పొట్ట నిమిరేది. ముందుగదిలో పడక కుర్చీలో పేపరు చదువుతున్న తాతయ్య, ఆ సాయంత్రానికల్లా బస్సు టైములు కనుక్కొచ్చేవాడు. తాతయ్య తన జవాబులు పేపరుకి చెప్పేవాడు. గేదెకీ పేపరుకీ మధ్య ఆ సంసారం ఏళ్ళ తరబడి ఏ గొడవా లేకుండా నడిచింది.

మా అమ్మకి చెల్లెలు సుశీల పిన్ని ఆ ఇంట్లోనే ఉండేది. గుణదలలో ఒక బడిలో టీచరు. ముప్ఫై దాటినా పెళ్ళి కాలేదు. దానికి పెద్ద కథేం లేదు. తాతయ్యకి ఏ సంబంధమూ నచ్చక, నచ్చేసరికి అవతలివాళ్ళకి వేరేచోట కుదిరిపోయి, అలా జరిగిపోయింది. ఇంకా సంబంధాలు వస్తూ పోతూ ఉండేవి. ఆ వివరాలు మాలాంటి వాళ్ళకి చెప్పేవారు కాదు, నేనూ పట్టించుకునేదాన్ని కాదు. నాకు అంతకన్నా గొప్ప వ్యవహారాలున్నాయి మరి. బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్నాను, బజారు నోట్సులోంచి పాత్రచిత్రణ అనే మాట నేర్చుకున్నాను, ఇక కనపడిన మనిషినల్లా పాత్రగా చూడటం మొదలుపెట్టాను. అన్నం వడ్డిస్తున్న అమ్మమ్మలో అంతస్సంఘర్షణ కనపడేది. పాలబ్బాయిలో వర్గస్వభావం కనపడేది. పిన్నిలో మాత్రం ఎంత చూసినా ఏమీ కనపడలేదు. బడికి వెళ్ళేది, వచ్చేది, కొంగుకి అంటిన సుద్దపొడి దులుపుకునేది, రేడియో పెట్టుకునేది. ఇందులో చిత్రించడానికి ఏముంది అనుకున్నాను.

ఆ వేసవి సెలవుల్లో పిన్ని ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల దగ్గర ఒక లావుపాటి ఇంగ్లీషు నవల కొనుక్కొచ్చింది. దాని పేరు నాకిప్పుడు గుర్తులేదు. పేరులో గులాబీ ఉందో, తుఫాను ఉందో, రెండూ ఉన్నాయో. అదీ విక్టోరియా రాణి కాలం నాటి కథే. అట్ట మీద ఒకమ్మాయి వెన్నెముక లేనట్టు వెనక్కి వాలిపోయి ఉంటే, చొక్కా గుండీలు పెట్టుకోవడం చేతకాని ఒకాయన ఆమెని పట్టుకుని నిలబడ్డాడు. ఆ బొమ్మ తాతయ్య కంట పడకుండా పిన్ని పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసింది. ఆ కాగితం మీది లక్ష్మీదేవి పైకి వచ్చింది. అందుకని ఆ పుస్తకం పొరపాటున ఎవరి కాలికైనా తగిలితే తీసి కళ్ళకద్దుకునేవాళ్ళం.

వేసవి మధ్యాహ్నాలు మా ఇంట్లో మామిడికాయలవి. అన్నాలయ్యాక వెనక వసారాలో చాప పరిచి, బుట్టలోంచి పుల్లటి కాయలు కుమ్మరించి, మాగాయకి చెక్కు తీసేవాళ్ళు. అమ్మమ్మ ఆల్చిప్పతో తీసేది. మధ్యలో చిల్లు పెట్టి అంచు అరగదీసిన ఆల్చిప్ప అది, కాయ మీద గీస్తే చెక్కు పల్చగా ఊడొచ్చేది. పిన్ని కత్తిపీట ముందు కూర్చుని ముక్కలు తరిగేది. సాయానికి గుణదల నుంచి మేరీ రత్నం గారు వచ్చేవారు. ఆవిడా పిన్ని బడిలోనే టీచరు, పిన్నికన్నా పెద్ద, నవ్వితే వీధి చివరికి వినపడే మనిషి. సొన వాసన, పసుపు వాసన, ఉప్పులో ఊరుతున్న ముక్కల వాసన కలిసి వసారా అంతా పుల్లగా ఘుమాయించేది. నా చేతికి కత్తిస్తే కాయకన్నా ముందు వేలు తెగుతుందని అందరికీ అనుభవమే కాబట్టి, ఆ నవల చదివి తెలుగులో చెప్పే పని నాకు అప్పగించారు. ముందుగదిలో తాతయ్య మా వైపు వీపు పెట్టి పేపరు చదువుకుంటూ ఉండేవాడు. పొద్దున చదివేసిన పేపరే.

నా ఇంగ్లీషు అప్పటికి అంతంత మాత్రం. తెలిసిన మాటలు తెలుగు చేసి, తెలియని చోట ధైర్యం చేసేదాన్ని. కథలో అమ్మాయి తండ్రి పోయాక కొండల్లో అడవుల్లో తిరిగి ఫెర్న్ మొక్కల బొమ్మలు గీసి, వాటిని అమ్ముకుని బతుకుతుంది. ఫెర్న్ అంటే ఏమిటో నాకు తెలియదు, ఒక రకం ఆకు అన్నాను. వండుకుంటారా అని అడిగింది అమ్మమ్మ. వండుకోరు. గొడ్లు తింటాయా? తినవు. ఎవరూ తినని ఆకుకి బొమ్మ గీస్తే కొనేవాళ్ళున్నారంటే అది నిజంగా కలిగిన దేశమే అని ఆవిడ తేల్చేసింది. అప్పటినుంచి ఆ హీరోయిన్ పేరు ఆకులమ్మాయి. ప్రభువుగారు జమీందారు అయ్యాడు. ఊపిరాడకుండా నడుముకి బిగించుకునే బట్ట గురించి చెబితే, అది బాలింతల నడికట్టు కదా, పెళ్ళికాని పిల్లలకెందుకు కడుతున్నారని అమ్మమ్మకి పెద్ద అనుమానం. చర్చిలో ఎవరిదో పెళ్ళి ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పమన్న చోట మేరీ రత్నం గారు అందుకుని, మా గుడిలోనూ వరస ఆదివారాల్లో అలాగే చదువుతారని చెప్పారు. అడిగి మరీ చెప్పించుకుంటారా, మాకు అడక్కుండానే చెబుతారు అంది అమ్మమ్మ. ఇక జమీందారూ ఆకులమ్మాయీ ఒంటరిగా మిగిలిపోయిన చోట్ల నేను, తర్వాత వాళ్ళు మాట్లాడుకున్నారు అని పేజీలు తిప్పేసేదాన్ని. ఏం మాట్లాడుకున్నారే అన్ని పేజీలు అనేది అమ్మమ్మ, చెక్కు తీయడం ఆపకుండా.

ఈ జమీందారు భార్య పోయినవాడు. ఒక చిన్న కొడుకున్నాడు. సగం పుస్తకం అయ్యేసరికి, అతను గుర్రమేసుకుని వానలో వచ్చి, తనని పెళ్ళి చేసుకోమని ఆకులమ్మాయిని అడిగాడు. అక్కడికి ఆ అధ్యాయం అయిపోయింది. నేను పుస్తకం మూశాను, అభిప్రాయాలు మొదలయ్యాయి. పిల్లాడుంటే మాత్రం ఏమైంది, మనిషి నిదానస్తుడు, పేకాట కూడా లేదు అంది అమ్మమ్మ. జమీందారు మొదట్లోనే పేకాటలో గుర్రం పోగొట్టుకున్నాడు కదా అని నేను గుర్తుచేశాను. ఆడడు, నేను కనుక్కున్నాను అంది. ఆవిడ కథ సరిగ్గా వినడం లేదనుకున్నాను. మేరీ రత్నం గారు, ఆ పాప బంగారమండీ, చెప్పిన మాట ఇట్టే వింటుంది అన్నారు. పాప కాదండీ, బాబు అని దిద్దాను. ఆవిడ నా వైపు చూసి, సరే అమ్మా, బాబే, అని ఎప్పుడూ లేనంత నెమ్మదిగా నవ్వారు.

అప్పుడు ముందుగదిలోంచి తాతయ్య పేపరుతో అన్నాడు. ఆ పిల్లకేం తక్కువైంది, తన తిండి తను సంపాదించుకుంటోంది, రెండో పెళ్ళివాణ్ణి చేసుకోవాల్సిన ఖర్మేం పట్టింది, జనం మా పిల్లకి గతిలేక ఇచ్చామనుకోరూ? నాకు ఒళ్ళు పులకరించింది. ధాన్యం ధరల పేజీ దాటి ఎరగని తాతయ్యని నేను సాహిత్యంలోకి లాక్కొచ్చాను. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ ఇంట్లో వేరే మాట లేదు. అమ్మమ్మ గేదె దగ్గర కూడా జమీందారు గురించే మాట్లాడేది. అన్నాల దగ్గర అభిప్రాయాలు, కాఫీల దగ్గర అభిప్రాయాలు. ఒక పుస్తకం ఒక ఇంటిని ఇలా నిలువునా చీల్చగలదా అని నాకు కళ్ళు చెమర్చాయి. నేను మాత్రం తాతయ్య పక్షం. రెండో పెళ్ళివాణ్ణి ఒప్పుకుంటే ఆకులమ్మాయి ఆత్మగౌరవం మట్టిలో కలుస్తుందని, ఆత్మగౌరవం అనే మాట వీలైనన్నిసార్లు వాడి వాదించాను.

ఇంతమందీ వాదిస్తుంటే పిన్ని కత్తిపీట మీంచి తల ఎత్తేది కాదు. ఒక మధ్యాహ్నం, నేను తర్వాతి అధ్యాయం తెరవబోతుండగా, ముక్కలు తరుగుతూనే మాట్లాడింది. గొంతు మామూలుకన్నా కాస్త పెద్దది చేసింది, ముందుగదికి వినపడేంత.

"ఆ అమ్మాయికి ఇష్టమేననుకుంటా. కాకపోతే బొమ్మలు గీయడం మానమంటే మానదు. ఆ బిడ్డని కూడా ఎవరింట్లోనో వదిలేస్తామంటే ఒప్పుకోదు. తన దగ్గరే ఉంచుకుంటుంది."

అమ్మమ్మ చేతిలో ఆల్చిప్ప ఆగింది. మేరీ రత్నం గారు తల వంచుకున్నారు. ముందుగదిలో పేపరు చప్పుడు ఆగింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల తన పెళ్ళి గురించి అంత స్పష్టంగా మాట్లాడటం అదే మొదటిసారి. ఆ మాట అనడానికి పిన్ని ఎన్ని బుట్టల మామిడికాయలు తరిగిందో. అందరికీ అర్థమైంది. ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్న నాకు తప్ప.

"లేదు పిన్నీ, నువ్వు ముందుకి చదవలేదు. ఆ అమ్మాయి ఒప్పుకోదు," అన్నాను, ఉత్సాహంగా. పాఠ్యంలో లేని అర్థం పాత్రకి అంటగట్టకూడదని కూడా అన్నాను. అని ఊరుకున్నానా, పుస్తకం తెరిచి ఆకులమ్మాయి జవాబు గొంతెత్తి చదివి, నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ చేయని అనువాదం చేశాను. నేను ఏ మగవాడి పొలంలోనూ రెండో పంటని కాను, నా బతుకు నాకు చాలు, మీరు వచ్చిన దారినే వెళ్ళండి. కృష్ణా డెల్టాలో పుట్టిన పిల్లని కాబట్టి రెండో పంట అనే మాట పలికేటప్పుడు గొంతులో కాస్త వణుకు కూడా పెట్టాను.

"రెండో పంటకేమైందే? మినుములే కదూ ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చేది. వరి వదిలిన తడి మీదే కదూ పండేది," అంది అమ్మమ్మ. ఆవిడ గొంతు నిజంగానే వణికింది. కానీ ముందుగదిలో తాతయ్య అప్పటికే పేపరు మడిచి, విన్నావుగా అని ఆ పేపరుకే చెప్పి, గొడుగు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. పిన్ని సగం తరిగిన కాయ కత్తిపీట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. వాదనలో ఓడిపోయినందుకు ఉడుక్కుందనుకున్నాను. గెలిచినవాళ్ళు ఉదారంగా ఉండాలి కాబట్టి, తర్వాత వెళ్ళి నాలుగు మంచిమాటలు చెప్పాలనుకున్నాను కూడా. అమ్మమ్మ లేచి గొడ్లసావిట్లోకి వెళ్ళి, ఈ ఇంట్లో చదువుకున్నదానికన్నా నువ్వే నయమే అంది. గేదెతోనే అంది.

మేరీ రత్నం గారు చాప మీద నా పక్కకి జరిగి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. పిన్నికి ఒక సంబంధం వచ్చింది. కాలవల ఆఫీసులో పనిచేసే ఆయన, గుణదలలోనే ఉంటారు. భార్య పోయింది, ఆరేడేళ్ళ పాప. ఆ పాప పిన్ని క్లాసులోనే చదువుతోంది. రోజూ తండ్రి సైకిలు మీద తీసుకొచ్చి దింపుతాడు, దానికి జడ వేయడం ఆయనకి రాదు, బడికి వచ్చాక పిన్ని ఊడదీసి మళ్ళీ వేస్తుంది. సంబంధం తెచ్చిన బంధువు కంకిపాడులో ఉంటాడు. పాప మీ అమ్మాయికి అడ్డం రాదు, దాని అమ్మమ్మగారింట్లో వదిలేస్తారు, మీ అమ్మాయి ఉద్యోగం కూడా చేయనక్కర్లేదు అని అతను అదొక లాభంలా చెప్పి వెళ్ళాడు. ఇష్టమో కాదో పిన్నిని అడగడం తాతయ్యకి రాదు, చెప్పడం పిన్నికి రాదు. ఇన్నాళ్ళూ జరిగింది అదీ. ఇప్పుడు తాతయ్య కంకిపాడు బస్సు కోసం వెళ్ళారు, వద్దని చెప్పడానికి.

నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను. పాత్ర అని, పాఠ్యమని వాగిన నోరది. పరుగెత్తుకెళ్ళి తాతయ్యని ఆపుదామని లేచాను, కానీ ఆపి ఏం చెప్పాలో తెలియలేదు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన కూతురే నేరుగా చెప్పలేనిది, మనవరాలు బస్టాపులో ఏమని చెబుతుంది? మేరీ రత్నం గారు కళ్ళజోడు సర్దుకుని, ఇంకా ఎంత పుస్తకం మిగిలింది అన్నారు. సగం మిగిలిందన్నాను. అయితే ఆవిడ మనసు మార్చుకోవడానికి చోటుందిగా అన్నారు.

తాతయ్య దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చాడు. ముహూర్తాల రోజులవి. కంకిపాడు వైపు బస్సులన్నీ పెళ్ళివాళ్ళతో కిటకిటలాడుతున్నాయట. నిలబడి ప్రయాణం చేయడం ఆయన మర్యాదకి పడదు, పొద్దున్నే మొదటి బస్సుకి వెళతానని ఎవరినీ చూడకుండా చెప్పి కుర్చీలో కూర్చున్నాడు. అమ్మమ్మ కాఫీ ఇచ్చింది. మేరీ రత్నం గారు ఇంటికి వెళ్ళకుండా ఉండిపోయారు. నేను ముందుగది గుమ్మం దగ్గర కూర్చుని లక్ష్మీదేవి అట్ట పుస్తకం తెరిచాను. గబగబా తిప్పి చూశాను. ఆకులమ్మాయి మనసు మారడానికి ఇంకా బోలెడు అపార్థాలు, ఒక అగ్నిప్రమాదం, ఎవరో దాచేసిన వీలునామా దాటాలి. మొదటి బస్సు అంతవరకూ ఆగదు. ఆ అపార్థాలన్నీ, అగ్నిప్రమాదంతో సహా వదిలేసి, పుస్తకంలో లేని అధ్యాయం ఒకటి పుస్తకంలోకి చూస్తూ చదివాను. ఆకులమ్మాయి తన తప్పు తెలుసుకుని, ప్రభూ, మీ ఇంటికి వస్తాను, కానీ నా పని నేను మానను, మీ బిడ్డ అమ్మమ్మగారింట్లో కాదు, నా దగ్గరే పెరగాలి అంది. నా మొదటి కాల్పనిక రచన అది. తర్వాత రాసినవేవీ అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు.

మధ్యాహ్నం కాదందిగా అని తాతయ్య పేపరుని అడిగాడు. వాళ్ళ దేశంలో మొదటిసారి కాదనడం మర్యాద అన్నాను. ఆ పిల్లాడికి అమ్మమ్మగారిల్లు ఎక్కడిది, ఇన్నాళ్ళూ కథలో రాలేదే అన్నాడు. ఇప్పుడే వచ్చింది తాతయ్యా, కొత్త అధ్యాయం అన్నాను. మా వైపు వీపు పెట్టి ఆయన ప్రతి అధ్యాయం ఎంత శ్రద్ధగా విన్నాడో అప్పుడు తెలిసింది. ఆయన పేపరు పక్కన పెట్టాడు. తర్వాత, మేమెవ్వరమూ ఎప్పుడూ చూడని పని చేశాడు. లేచి, పడక కుర్చీని మా వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"బిడ్డని తన దగ్గరే ఉంచుకుంటానని ఎవరన్నారు?"

నేను పుస్తకంలోకి చూశాను, పుస్తకం నాకేం సాయం చేయలేదు. మేరీ రత్నం గారు కొంగు చివర వేలికి చుట్టుకుంటున్నారు. లోపలి గది గుమ్మంలోకి పిన్ని వచ్చి నిలబడింది.

"నేనన్నాను నాన్నా."

తాతయ్య ఆమెనే చూశాడు. మధ్యలో గేదె లేదు, పేపరు లేదు.

"ముందే చెబితే పోయేదిగా అమ్మా. ఆ పుస్తకమంతా వినాల్సొచ్చింది నాకు."

మేరీ రత్నం గారి నవ్వు ఆ సాయంత్రం వీధి చివరిదాకా వెళ్ళే ఉంటుంది. అమ్మమ్మ మాత్రం పమిట మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే తాతయ్య మొదటి బస్సుకి కంకిపాడు వెళ్ళి, సరేనని చెప్పి, పిన్ని పెట్టిన రెండు షరతులూ తన షరతుల్లా వినిపించి వచ్చాడు. పెళ్ళి ఆ వేసవిలోనే అయింది. పీటల మీద కూర్చున్న పిన్ని ఒళ్ళోకి ఆ పాప ఉష వచ్చి కూర్చుంటే, పెద్దవాళ్ళెవరో తీయబోయారు, పిన్ని తీయనివ్వలేదు. పుస్తకం ఆ హడావిడిలో ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. దాని అసలు ముగింపు నేను ఇప్పటికీ చదవలేదు. అగ్నిప్రమాదంలో ఎవరు పోయారో కూడా తెలియదు.

అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని ఎవరైనా అడిగితే, నా వయసువాళ్ళు వెంటనే అప్పుడే బాగుండేదంటారు. నేనూ సభల్లో అలాగే అంటుంటాను, చప్పట్లు పడతాయి కాబట్టి. మాగాయ విషయంలో అది నిజమే. కానీ ఆ సమావేశం జరిగిన అపార్ట్‌మెంటులో పళ్ళ డాక్టరూ ఫిజిక్సు అమ్మాయీ నవల మీద అభిప్రాయం నవల మీద చెప్పారు, ఒకళ్ళ మీద ఒకళ్ళకి ఉన్నది ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. నీకు ఆ ఆఫీసబ్బాయి నచ్చాడా లేదా అని ఒకమ్మాయి సమోసా తింటూ పక్కమ్మాయిని అడిగితే, ఆ పిల్ల నమిలి మింగి, ఇంకా తేల్చుకోలేదు అంది. ఎంత సుఖంగా ఉందో ఆ జవాబు. అలాంటి జవాబు కోసం మా ఇంట్లో ఒక ఇంగ్లీషు జమీందారుని అన్ని మధ్యాహ్నాలు వానలో నిలబెట్టాల్సి వచ్చింది. కాస్త అసూయగా అనిపించింది, నాకోసం కాదు.

మర్నాడు గుణదల వెళ్ళాను. బాబాయి పోయి చాలా కాలమైంది. పిన్ని ఉష దగ్గరే ఉంటుంది. ఎనభై దాటినా కళ్ళజోడు పెట్టుకుని పేపరు ఒక్క అక్షరం వదలకుండా చదువుతుంది, చదివి అందరినీ తిడుతుంది. నేను వెళ్ళేసరికి ఉష ఆవిడ తెల్లటి జుట్టుకి నూనె రాస్తోంది. సమావేశం సంగతి, చుక్కల సంగతి, ఊడిన గౌను సంగతి చెబితే ఇద్దరూ నవ్వారు. జీవితంలో నేను ఎందరి పుస్తకాల మీదో అభిప్రాయాలు రాశాను, అడిగినవాళ్ళవీ అడగనివాళ్ళవీ. ఆ నవలని డబ్బిచ్చి కొనుక్కొచ్చిన మనిషి అభిప్రాయం మాత్రం నేనెప్పుడూ కనుక్కోలేదని అక్కడ కూర్చున్నాక తోచింది. సిగ్గేసింది. ఆ నవల నీకసలు నచ్చిందా పిన్నీ అన్నాను.

పిన్ని వెంటనే నచ్చలేదంది.

"జమీందారు నచ్చలేదా?"

"జమీందారుకేం, బాగానే ఉన్నాడు. ఆకులమ్మాయే నచ్చలేదు నాకు." ఉష చేతిని ఆపి, తల నా వైపు తిప్పింది. "పాపం, అంత దూరం గుర్రమేసుకుని వానలో వచ్చాడు. ఎదురుగా నిలబడి, నీకిష్టమేనా అని అడిగాడు. అడిగినా మనసులో మాట చెప్పకుండా అన్ని పేజీలు తిప్పించింది. నన్ను ఎవరన్నా ఒక్కసారి అలా అడిగి ఉంటే, ఒక్క ముక్కలో చెప్పేదాన్ని కదే."